సొన్నప్ప అనని మాట

బస్సు యలహంక దాటి ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. నిలబడలేక పక్కన వచ్చి కూలబడిన మనిషి సొన్నప్ప అని వెంకటరాయప్పకు ఆలస్యంగా తెలిసింది. లేచి వేరే చోటికి పోదామంటే తనది కిటికీ సీటు, దారి లేదు.

ఇద్దరూ దొడ్డబళ్ళాపురంలో ఒకే వీధి నేతగాళ్ళు. బెంగళూరు చిక్కపేట షావుకారు దామోదర్ పట్టు ఇస్తాడు, వీళ్ళు చీర నేసి ఇస్తారు. ఇచ్చిన పట్టులో నాసిరకం కలిపారేమో అని అనుమానం వస్తే షావుకారు చీరను పరీక్షకు పంపడు, పక్కింటి నేతగాణ్ణి అడుగుతాడు. అక్కడి రివాజు అది. ఈసారి అడిగింది సొన్నప్పను. అప్పటినుంచి వెంకటరాయప్పకు పట్టు రాలేదు. పెళ్ళినాడు కూడా తాళి కట్టి మగ్గం దగ్గరికి పరిగెత్తాడని వీధంతా చెప్పుకునే మనిషి, చప్పుడు లేని ఇంట్లో కూర్చోలేక రోడ్లు కొలుస్తున్నాడు. ఇవాళ షావుకారునే అడిగేద్దామని బయలుదేరాడు.

"ఎట్ల ఉండావప్పా?" అన్నాడు సొన్నప్ప.

"మగ్గం ఎట్ల ఉండాదో అట్లే ఉండా. పితూరీ బాగానే చెప్పినావు!"

మగ్గాల మోతలో పెరిగిన గొంతు. మెల్లిగా అన్నాననుకున్నాడు గానీ బస్సంతా విన్నది.

పితూరీ దూరం నుంచి వచ్చిన మాట. అరబ్బీలో పుట్టి, పారశీకం నోట నాని, దండుల వెంట దక్కనుకు దిగిందంటారు. మొదట తిరుగుబాటు అని అర్థం. రాజుల మీద కత్తి దూసిన మాట, చివరికి బడిపిల్లలు అయ్యవారి చెవిలో వేసే ఫిర్యాదయి కూర్చుంది. చాడీ మనకూ కన్నడానికీ ఉమ్మడి ఆస్తి. కొండెం సరేసరి, ఇంటి మాట. ఇన్ని ఉన్నా సొన్నప్ప చేసినదానికి ఏదీ సరిగ్గా అమరదు.

"దేవుని మీద ఒట్టప్పా! వెంకటరాయప్ప పట్టు మారుస్తాడా అని షావుకారు అడిగినాడు. నేను 'ప్చ్' అన్నా. అంతే. ఒక్క మాట అనుంటే నా నాలుక పడిపోనీ."

"ఆ 'ప్చ్' ఏమిటికి?"

"సుమ్నే, ఊరికే. ఔననలేదు, కాదనలేదు. ఇంకొకరి సంగతి నాకేమిటికని."

"అయితే నాతో రా. ఆయన ముందర నోరు తెరిచి 'మార్చడు' అను."

సొన్నప్ప కండక్టరు వైపు చూశాడు. "నాకూ ఆయనే కదప్పా పట్టు ఇచ్చేది. అప్పుడే ఎందుకు చెప్పలేదంటే ఏమనేది?"

బస్సు మెజెస్టిక్ బస్టాండు చేరింది. దిగగానే సొన్నప్ప అతని చెయ్యి పట్టుకున్నాడు.

"కాఫీ తాగి పోదువులే. అదికాదప్పా, షావుకారు నన్ను గురించి అడిగితే ఏమంటావు?"

వెంకటరాయప్ప చెయ్యి విడిపించుకున్నాడు. సంచి చంకన ఇరికించుకుని చిక్కపేట వైపు నడిచాడు.

"చెప్పి పోప్పా! ఏమంటావు?"

అప్పటికే అతను రోడ్డు దాటేశాడు.