గాజు బుడ్లకు వాననీళ్లు

"పసివాడి నోరెండిపోతుంటే గాజు బుడ్లకి పోస్తావుటే వాననీళ్లు? నీ కడుపున పుట్టలేదనేగా!"

"ఆ మాటనకు వదినా. బుడ్లు ఎండిపోతే రేపెక్కడ వండుకుంటాం? ఈ గదేమన్నా నీ తమ్ముడు కట్టించి పోయాడా?"

"నా తమ్ముడే బతికుంటే ఆ బాన ఎత్తి వీడి నోట్లో పోసేవాడు!"

వదినంటే మా ఆయన అక్క, వెంకాయమ్మ. ఆవిడ కొడుక్కి జ్వరం. పద్దెనిమిది వందల తొంభైల చివరి మాట. రావులపాలేనికి దిగువన కాలువ లాకు పక్కనే తంతి ఆఫీసు ఉండేది. లాకు తలుపులు తిప్పే లస్కరు మా ఆయన. ఆయన పోయాక ఆఫీసు ఊడ్చి బ్యాటరీ చూసే పని నాకిచ్చి, వెనకగదిలో ఉండనిచ్చారు. బ్యాటరీ చెడితే పనీ గదీ మరొకరికని ముందే చెప్పారు. భర్త లేని వదిన, పిల్లాడు నాతోనే ఉండేవారు.

బ్యాటరీ అంటే వరసగా పెట్టిన గాజు బుడ్లు. ఒక్కోదాన్ని సెల్ అనేవారు తంతి మాస్టారు. అడుగున రాగిరేకు, దాని చుట్టూ మైలుతుత్తం నీలం, పైన తేటనీళ్లలో వేలాడే జింకు. ఆ నీలం మీద పొద్దుటెండ పడితే చూడటానికి ఎంత బాగుండేదో!

వేసవిలో కాలువ కట్టేస్తే పడవలు ఉండవు, తంతి కబుర్లూ ఉండవు. మాస్టారు సొంతూరు వెళ్లేవారు. అన్నాళ్లూ తీగ విప్పేస్తే మైలుతుత్తం మిగులుతుందిగా అన్నాను నేను.

"అలా చెయ్యకండి రత్తమ్మగారూ. బొత్తిగా ఖాళీగా ఉంచితే నీలం పైకెక్కి జింకుని పాడుచేస్తుంది. కొద్దిగా పని చేస్తుండాలి" అని, బుడ్లను ఒక సన్నతీగ చుట్టకు కలిపి వెళ్లారు. దాచటమంటే ముట్టుకోకుండా ఉంచటం కాదని నాకు అప్పుడే తెలిసింది.

జింకు బయటపడకుండా నీళ్లు పోస్తుండటం నా వంతు. ఉప్పూ మట్టీ లేని వాననీళ్లే పోయాలి. ఆ ఏడు లాకు మరమ్మతు సాగి కాలువ వదలటం ఆలస్యమైంది. చెరువు అడుగంటింది. మర్నాడు నీళ్లు వదులుతారు, మాస్టారు వస్తారని కబురు. చూస్తే జింకులు సగం బయటపడి ఉన్నాయి. బానలో మిగిలింది చెంబెడు వాననీళ్లు. పిల్లాడికి చెరువు బురదనీళ్లు పట్టవద్దన్నాడు వైద్యుడు.

బాన వంచి, చెంబు నింపి వదిన ముందు పెట్టాను. "తాగించు. చుక్క ఒలికిందో, ఊరుకోను" అన్నాను.

పొయ్యి మీద చెరువునీళ్లతోనే ఎసరు పెట్టాను. మూత తీస్తే దాని లోపలివైపంతా నీటిచుక్కలు. ఒకటి నాలుక మీద వేసుకుంటే మట్టి రుచి లేదు. వెంటనే అన్నం కుండ దించేసి గంగాళం ఎక్కించాను. అందులో చెరువునీళ్లు పోసి, మధ్యన ఇటుక మీద చిన్న గిన్నె నిలబెట్టాను. గంగాళం మూతి మీద, అడుగు కిందికి ఉబ్బిన ఇత్తడి పళ్లెం బోర్లించకుండా పెట్టి, దాన్నిండా చన్నీళ్లు పోశాను. ఆవిరి పళ్లెం అడుగున చెమటపట్టి గిన్నెలోకి కారసాగింది.

"ఏంటే ఇది, సారా కాస్తున్నావా? అబ్కారీ వాళ్లొస్తారు!" అంది వదిన.

"వస్తే నిన్ను కూడా పట్టుకుపొమ్మంటాలే. ముందు ఆ పళ్లెంలో నీళ్లు వేడెక్కాయి, మార్చు."

గొణుక్కుంటూనే మార్చింది. సాయంత్రందాకా మార్చుతూనే ఉంది. నేను కొబ్బరిమట్టలు ఎగదోస్తూ, పడిన నీళ్లు చల్లార్చి బుడ్లలో పోస్తూ వచ్చాను. చివరి బుడ్డికి వచ్చేసరికి మట్టలు అయిపోయి, అదొక్కటి నిండలేదు. వదిన పోయి ఇప్పటికి చాలాకాలమైంది. మేం నవ్వుకున్న రోజులకన్నా తగువాడుకున్న రోజులే ఎక్కువ. ఇప్పుడు తలుచుకునేదీ వాటినే.

మర్నాడు పొద్దున్నే మాస్టారు వచ్చారు. తీగ కలిపి మీట నొక్కితే తంతి యంత్రం సూది పక్కకు వాలింది, బ్యాటరీ పనిచేస్తోందన్నమాట. చివరి బుడ్డిని మాత్రం విప్పి అవతల పెట్టించారు. "మిగతావి చాలండి. ఆఫీసు గదిలో చాప వెయ్యండి, పని మొదలెడదాం" అన్నారు. చాప వేసి, బిందె పట్టుకుని, నీళ్లు వదిలిన కాలువకు వెళ్లాను. పిల్లాడు ఇంకా నిద్రపోతూనే ఉన్నాడు.