సున్నం కొట్టిన గోడ

నేతగాళ్ల ఇబ్బందులు చూడటానికి పార్లమెంటు కమిటీ మా ఇంటికి వస్తుందని తెలిసినప్పుడు నాకు నిజంగానే ఆశ పుట్టింది. ధర్మవరంలో మాది గుంతమగ్గం. నేలలో తవ్విన గుంతలో కాళ్లు పెట్టుకుని నాయన పట్టుచీరలు నేసేవాడు. గట్టి వాన పడితే వీధి నీళ్లన్నీ ఇంట్లోకి వచ్చి గుంత నిండిపోయేది. తోడిపోసినా చెమ్మ పోదు. ఆ చెమ్మలో తొక్కీ తొక్కీ నాయన పాదాలు నానిపోయి, వేళ్ల సందులు పుండ్లయ్యాయి. మగ్గానికి ఎత్తయిన షెడ్డు కావాలి, అంతే. అది రాకపోతే మగ్గం పీకేయాల్సిందే.

హిందూపురంలో ఉద్యోగం చేసే నాకు హిందీ వచ్చు. కమిటీతో నేనే మాట్లాడదామని సెలవు పెట్టి రైలెక్కాను. పెనుకొండ దాటినా చెప్పాల్సిన మాటలు మనసులో తిప్పుకుంటూనే ఉన్నాను.

తీరా ఇంట్లో అడుగుపెడితే గోడలు తెల్లగా మెరుస్తున్నాయి. గుంత ఎర్రమట్టితో అలికి ఉంది. గోడ మీద మోకాలెత్తున ఉండాల్సిన వాననీటి మరక మాయమైంది. అవ్వ నవ్వుతూ ఎదురొచ్చింది.

"ఏమవ్వా ఇది? మరక యాడ?"

"ఢిల్లీ నుంచి పెద్దోళ్లు వస్తాండారు గదా పాపా! గోడ అట్లుంటే నవ్వరా? నిన్ననే సున్నం కొట్టిస్తి."

ఓరి దేవుడా అని తల పట్టుకున్నాను.

ఎంపీలూ అధికారులూ వచ్చారు. ఒక మహిళా ఎంపీ గుంతలోకి వంగి చూసి, నీళ్లు ఎంతవరకూ వస్తాయని అడిగారు. "ఈడిదాకా మేడమ్" అంటూ నాయన గోడ మీద చెయ్యి పెట్టాడు. చేతికి సున్నం అంటింది. ఇల్లు చక్కగానే ఉందే అని ఒక అధికారి నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. "కాళ్లు చూపించు నాయనా" అన్నాను. "ఛీ, పెద్దోళ్లకు కాళ్లు చూపిస్తారా?" అని పంచె కిందకు లాక్కున్నాడు.

ఆ మహిళా ఎంపీ మాత్రం అన్నీ రాసుకున్నారు. మేము సిఫారసు చేయగలం, ఇచ్చేది ప్రభుత్వం అని కమిటీ పెద్దాయన చెప్పారు.

తర్వాత కమిటీవాళ్లు ఢిల్లీలో అధికారులను పిలిచి అడిగారట. తలుపులు మూసుకుని మాట్లాడుకునే మాటలు మనదాకా రావు. చివరికి నివేదిక పార్లమెంటు ముందుకొచ్చింది. మగ్గాలకు ఎత్తయిన షెడ్లు కట్టాలని అందులో ఉంది! ఫోనులో చదివి ఎగిరి గంతేశాను. కొన్ని నెలలకు ప్రభుత్వం జవాబిచ్చింది: పరిశీలనలో ఉంది. ఇది చాలదని కమిటీ మళ్లీ రాసింది. మళ్లీ అదే జవాబు. అడగాల్సినవాళ్లు అడుగుతూనే ఉన్నారు, నేను ఎవరిని తిట్టాలి? ఏడుపొచ్చింది.

వానలు మాత్రం ఆగలేదు. ఇక కాలికి తడి తగలకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. నాయన మగ్గం పీకించి, గుంత పూడ్పించి, చీరల దుకాణంలో మడతలు వేసే పనికి కుదిరాడు.

మొన్న ఇంటికి వెళితే అవ్వ అడిగింది.

"ఆ షెడ్డు మాట ఏమాయె పాపా?"

"పరిశీలనలో ఉండాదంట అవ్వా. అంటే, ఇంకా చూస్తాండారు."

గుంత పూడ్చిన నేల వైపు అవ్వ చూసింది.

"ఇంగేం చూస్తారు? గుంతే లేదు గదా."