మంచు వంతెన మీద జీపీఎస్

హెలికాప్టర్ రెక్కలు ఆగలేదు. అలాగే దిగమన్నారు. టూల్ బాక్స్ గుండెకు అదుముకుని దూకాను. మోకాళ్ల దాకా మంచులో దిగబడ్డాను. నా వెనకే కిరోసిన్ డబ్బాలు, ఉత్తరాల సంచి కిందికి విసిరారు. నేను ఖాళీ చేసిన చోట ఒక జవానును కూర్చోబెట్టారు. అతని రెండు చేతులకూ కట్లు. హెలికాప్టర్ లోయలోకి జారిపోయింది. ఆ తర్వాత నాకు వినబడింది నా ఊపిరి ఒక్కటే.

సరిహద్దు మంచుకొండ మీది పోస్టు. ఎత్తు పదహారు వేల అడుగులు. గాలి పడమటి నుంచి. ఎండ ఉంది, వేడి లేదు. నన్ను తీసుకెళ్లడానికి వచ్చిన సెంట్రీ చెప్పిన మొదటి మాట, జెండాలు దాటి కాలు పెట్టవద్దని. దారికి రెండు పక్కలా ఎర్రగుడ్డ కట్టిన వెదురు కర్రలు పాతి ఉన్నాయి. అవి దాటితే ఏముందని అడిగాను. ఏమీ లేదు, అదే భయం అన్నాడు.

నేను తుపాకీ పట్టి ముందు నడిచే సైనికుణ్ణి కాను. ఎలక్ట్రానిక్స్ మెకానిక్‌ని. మా వాళ్లది శ్రీకాకుళం వైపు. నాన్న రైల్వేలో చేరి సికింద్రాబాద్ వచ్చారు. నేను పుట్టి పెరిగింది సీతాఫల్‌మండిలో. నా ఈడు వాళ్లంతా అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులు చేసి హైటెక్ సిటీ బస్సులు ఎక్కుతున్న రోజులవి. నేను డిప్లొమా చేసి ఫౌజులో చేరాను. సొంత ఊళ్లోనే కొన్నాళ్లు, ఫ్యాన్ కింద కూర్చుని, రేడియో సెట్లూ చేతి జీపీఎస్‌లూ బాగుచేశాను. పైపోస్టుల నుంచి వచ్చే జీపీఎస్‌లు నానాటికీ ఎక్కువయ్యాయి. వాటిని కిందికి పంపి, బాగుచేయించి, మళ్లీ పైకి తెప్పించేసరికి సీజన్ అయిపోతోంది. అందుకని మెకానిక్‌నే పైకి పంపారు.

ఇప్పుడు జీపీఎస్ అందరి ఫోన్లోనూ ఉంది. అప్పటిది అరచేతికి నిండుగా, బరువుగా ఉండేది. నలుపు తెలుపు తెర, కొన్ని రబ్బరు బటన్లు. అందులో మ్యాపు ఉండదు. నువ్వున్న చోటు అంకెల్లో చెబుతుంది. ముందే ఎక్కించిన పాయింటు ఎటుందో బాణం గుర్తుతో చూపిస్తుంది. అంతే. కానీ మబ్బు నేల మీదికి దిగినప్పుడు అక్కడ ఆకాశం, నేల ఒకే తెలుపు అవుతాయి. ముందున్న మనిషి కనిపించడు. అప్పుడు ఆ బాణం గుర్తే కన్ను.

నా వర్క్‌షాపు ఒక ఫైబర్ గుడిసెలో మూల. ఒక పెట్టె బల్ల. పక్కన బుఖారీ, అంటే కిరోసిన్ పొయ్యి. సోల్డరింగ్ ఐరన్ అతుకు దాకా వెళ్లేలోపే చల్లబడేది. రోగాలు నాలుగైదు రకాలే. బ్యాటరీలు కారి, లోపలి రేకులు పచ్చబడేవి. వాటిని పెన్సిల్ రబ్బరుతో రుద్దేవాణ్ణి. రబ్బరు బటన్లు రాయిలా గట్టిపడేవి. చలికి తెర మొద్దుబారి, అంకె మారినా పాతదే కాసేపు కనిపించేది. బయట గడ్డకట్టిన సెట్‌ను తెచ్చి నేరుగా పొయ్యి పక్కన పెట్టేవాళ్లు. లోపల చెమ్మ పట్టి సెట్ చచ్చిపోయేది. ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి మెల్లగా వేడెక్కనివ్వాలని ప్రతివాడికీ చెప్పేవాణ్ణి. సెట్‌నూ బ్యాటరీలనూ కోటు లోపల, ఒంటికి ఆనించి పెట్టుకోమని కూడా చెప్పేవాణ్ణి.

ఇంకొకటుంది. దాన్ని మాత్రం ప్రతి సెట్‌లోనూ నేనే చూసేవాణ్ణి. మా మ్యాపులు పాతకాలపు సర్వే లెక్క మీద గీసినవి. జీపీఎస్‌ను దాని మానాన వదిలేస్తే ఉపగ్రహాల లెక్క వాడుతుంది. ఈ లెక్కను డేటమ్ అంటారు. రెండు లెక్కల్లో అవే అంకెలు రెండు వేరు చోట్లను చూపిస్తాయి. మా దగ్గర ఆ తేడా రెండు వందల మీటర్ల పైచిలుకు. అంత తేడాతో మోండా మార్కెట్‌లో కూరగాయల వరసకు పోవాల్సినవాడు గిన్నెల వరసలో తేలితే నష్టం లేదు. అక్కడ అలా కాదు. మా దారికి కుడిపక్కన మంచు పగుళ్లు ఉన్నాయి. కొన్ని నోళ్లు తెరుచుకుని కనిపిస్తాయి. కొన్నిటి మీద మంచు వంతెనలా పేరుకుని, మామూలు నేలలాగే ఉంటుంది.

నాకు రోజూ భయంగానే ఉండేది. ఫిరంగుల భయం కాదు. పొద్దున ఎండ ఎక్కగానే కింద ఎక్కడో మంచు పగిలి టప్పుమనేది. గుడిసె నేల అదిరేది. పక్కవాళ్లు టీ తాగుతూనే ఉండేవాళ్లు. నా చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయేది.

ఆ భయాన్ని కనిపెట్టినవాడు ఒక్కడే. పెట్రోల్ లీడర్, అంటే గస్తీ దళానికి ముందు నడిచే హవల్దార్ యాదగిరి. వాళ్లది బన్సీలాల్‌పేట్. నేను సీతాఫల్‌మండి అనగానే వచ్చి నా బల్ల పక్కన కూలబడ్డాడు. డ్యూటీలో అతను నాకు ఉస్తాద్. ఇద్దరమే ఉంటే అన్న. నన్ను తమ్మీ అనేవాడు. భయపడేవాడే జెండా దాటడు, నీకేం కాదు అని నవ్వేవాడు.

ఆ రోజు పై పోస్టుకు కిరోసిన్, మందులు మోసుకుని ఒక పెట్రోల్ బయల్దేరింది. ఐదుగురు, ఒకే తాడు. ముందు యాదగిరి. రెండు జీపీఎస్‌లు ఇచ్చాను. రెండిట్లోనూ పాయింట్లు ఎక్కించాను, డేటమ్ సరిచూశాను. మ్యాపు నుంచి తీసిన ఆ పాయింట్ల అంకెలు ఒక కార్డు మీద కూడా రాసిచ్చాను. అతను ఒకటి మెడకు వేసుకుని కోటు లోపలికి తోసుకున్నాడు. రెండోది వెనకవాడికిచ్చాడు.

ఎండ ఎక్కాక మబ్బు దిగింది. మంచు కురవలేదు. మబ్బే వచ్చి నేల మీద కూర్చుంది. గుడిసె తలుపు తీస్తే గుమ్మం ముందు తెల్లటి గోడ. రేడియో ఆపరేటర్ నన్ను పిలిపించాడు. వెళ్లేసరికి మా పోస్టు అధికారి మేజర్ సాబ్ మ్యాపు మీద వంగి ఉన్నారు. పెట్రోల్ నుంచి వచ్చిన మాట ఆపరేటర్ చెప్పాడు. పాయింటు చేరామని బాణం చూపిస్తోంది, అక్కడ ఉండాల్సిన జెండా లేదు. రెండో జీపీఎస్ తెర పగిలింది. మొదటిదాని బ్యాటరీలు దారిలో మార్చారు. జెండా కోసం ఇంకొంచెం ముందుకు వెళ్లి చూస్తామంటున్నారు.

బ్యాటరీలు మార్చారన్న మాట దగ్గర ఆపరేటర్‌ను ఆపాను. మార్చాక మెషీన్ మొదట ఏం అడిగిందో కనుక్కోమన్నాను. ఆపరేటర్ హిందీలో అడిగాడు. జవాబు అర్థం కాలేదు. చలికి యాదగిరి నాలుక మడతపడి, హిందీ ముద్దగా వస్తోంది. మళ్లీ అడిగాడు. మళ్లీ అంతే. మేజర్ సాబ్ మైకు నా చేతికిచ్చి, మీ భాషలోనే మాట్లాడమన్నారు.

“అన్నా, నేను. బ్యాటరీలు మార్చినంక మెషీన్ ఫస్ట్ ఏం అడిగింది? ఓవర్.”

“భాష అడిగింది తమ్మీ. ఇంగ్లీష్ అని కొట్టిన. పాయింట్లు ఒక్కటి లేకుండె. కార్డు చూసి మల్ల నేనే ఎక్కించిన. ఓవర్.”

జ్ఞాపకాన్ని పట్టుకునే లోపలి చిన్న సెల్ చలికి చచ్చింది. మెషీన్ కొత్తగా పుట్టినట్టు లేచింది. పాయింట్లు పోయాయి. వాటితో నేను పెట్టిన డేటమ్ కూడా పోయి ఉండాలి. అతను కార్డు చూసి పాత లెక్క అంకెలు ఎక్కించాడు, మెషీన్ వాటిని కొత్త లెక్కలో చదువుకుంది. అలాగైతే వాళ్లు దారికి కుడిపక్కన ఉన్నారు.

“అన్నా, కదలకు. ఎవ్వర్నీ కదలనియ్యకు.”

ఖాయమా అని మేజర్ సాబ్ అడిగారు. ఖాయమని చెప్పలేకపోయాను. సెట్టింగు పేజీ చదివిస్తే తెలుస్తుందన్నాను. ఊహ మీద ఐదుగురిని నడిపించను, చదివించు అన్నారు.

ఆ పేజీ మూడు మెనూల లోపల ఉంటుంది. వర్క్‌షాపులో కళ్లు మూసుకుని తీసేవాణ్ణి. అక్కడ అతను చేతికి తొడిగింది తీయాలి, బటన్ నొక్కాలి, వేళ్లు మళ్లీ చంకలో పెట్టుకోవాలి. తెర మొద్దుబారింది. ఒకసారి నొక్కి పది లెక్కపెట్టమన్నాను. అప్పుడు చూసి, ఏ మాట మీద నల్లగీత ఉందో చెప్పమన్నాను. తొందరపడి రెండుసార్లు నొక్కితే పేజీ దాటిపోతుంది. ఒకసారి దాటిపోయింది కూడా. మొదటి నుంచి మొదలుపెట్టాం.

మైకును రెండు చేతులతో పట్టుకున్నాను. నా గొంతు నాకే పరాయిగా వినబడింది. వాళ్లు నిలబడి చాలాసేపయింది. ఆ చలిలో కదలకుండా నిలబడితే ముందు పోయేవి కాలివేళ్లు.

“కాళ్లు నేలకేసి కొడ్తున్నవా అన్నా? ఆపకు. అందర్నీ కొట్టమను.”

“కొడ్తున్న. నువ్వు పరేషాన్ గాకు. జెర పైలంగ చెప్పు.”

అతని గొంతులో తొందర లేదు. బల్ల పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టే ఉంది. ఆ గొంతు పట్టుకునే నేను నిలదొక్కుకున్నాను.

చివరికి పేజీ వచ్చింది. డేటమ్ పక్కన ఉన్న అక్షరాలు ఒక్కొక్కటీ చదివాడు. ఉపగ్రహాల లెక్క. నేను అనుకున్నదే. ఉన్న చోటి అంకెలు చదవమన్నాను. నా బల్ల మీది సెట్ తెప్పించి, అందులో ఎక్కించి, పాత లెక్కకు మార్చాను. ఆపరేటర్ ఆ అంకెలు పట్టుకుని మ్యాపు మీద పెన్సిల్ పెట్టాడు. పెట్టి, తియ్యలేదు. మేజర్ సాబ్ చూశారు, నేను చూశాను. పెన్సిల్ మొన పగుళ్లకు గీసిన గీతల మధ్య ఉంది.

వచ్చిన అడుగుల్లోనే అడుగు వేసుకుంటూ వెనక్కి రమ్మని మేజర్ సాబ్ ఆర్డర్. వెనకవాడు ముందు కదలాలి, లీడర్ చివర. తాడు వదులు కాకూడదు. ఆ మాటలు నేనే చెప్పాను. యాదగిరి సరే అన్నాడు. ఆ తర్వాత రేడియో మూగబోయింది. ఆపరేటర్ పిలుస్తూనే ఉన్నాడు. నేను ఆ సెట్‌లో అంకెలు మళ్లీ మొదటి నుంచి సరిచూస్తూ కూర్చున్నాను. వాళ్లు జెండాల దారి పట్టుకున్నామని చెప్పేదాకా ఎవరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

సాయంత్రానికి ఐదుగురూ వచ్చారు. అందరికీ వేడి టీ పట్టించారు. నలుగురు బాగానే ఉన్నారు. యాదగిరి ఎడమ బూటు విప్పితే వేళ్లు తెల్లగా, మైనంలా ఉన్నాయి. కాళ్లు కొట్టుకుంటూ ఉంటే ఇలా ఎలా అయిందని నర్సింగ్ అసిస్టెంట్ కేకలేశాడు. అతను వంగి రెండో బూటు విప్పుకున్నాడు. మర్నాడు పొద్దున హెలికాప్టర్ అతన్ని దించుకుపోయింది.

అదే పొద్దున ఆకాశం తేటపడింది. బాగుచేసిన సెట్ పట్టుకుని ఆ చోటు చూసి రమ్మని నన్నూ ఒక బృందంతో పంపారు. తాడులో నేను మధ్యవాణ్ణి. జెండాలు దాటి నేను కాలు పెట్టింది ఆ ఒక్కసారే. నిన్నటి అడుగులు చెక్కు చెదరలేదు. వాటి మీదే నడిచాం. ముందువాడు చెయ్యెత్తి ఆగమన్నాడు. నలుగురు నిలబడ్డ చోట మంచు కుళ్లబొడిచినట్టు నలిగి ఉంది. అక్కడి నుంచి ఒక్క మనిషి అడుగులు ఇంకాస్త ముందుకు వెళ్లాయి. వాటి ముందు నేల లేదు. నిన్న మధ్యాహ్నమో, సాయంత్రమో వంతెన కూలిపోయింది. పగులు లోపల పైన తెలుపు, దాని కింద లేత నీలం, ఇంకా కింద రంగు లేదు. కదలకు అని నేను నిలబెట్టింది అతన్ని దాని మీద.

పోస్టులో నా గడువు ముగిసి సికింద్రాబాద్ స్టేషన్‌లో దిగేసరికి ఎండాకాలం. గట్టి నేల మీద నడుస్తున్నా ముందు కాలు ఆనించి, తర్వాత బరువు వేసేవాణ్ణి. సీతాఫల్‌మండిలో మా సందు స్నేహితులు కంపెనీ కార్డులు మెళ్లో వేసుకుని వచ్చి, ఉపగ్రహాలు ఎలా పనిచేస్తాయని అడిగారు. చెప్పగలిగింది చెప్పాను. వారం తిరక్కుండా బన్సీలాల్‌పేట్ వెళ్లాను.

యాదగిరి అన్న గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఎడమ పాదానికి మూడు వేళ్లు లేవు. వదిన చాయ్ ఇచ్చి లోపలికి వెళ్లింది. ఊళ్లో సంగతులు మాట్లాడుకున్నాం. పాదం వైపు చూడకుండా ఉండలేకపోయాను. చివరికి అనేశాను.

“అన్నా, నువ్వు నిలబడ్డది వంతెన మీద. కూలినంక చూసిన నేను.”

“ఎరుకే. నువ్వు కదలకు అన్నప్పుడే చేతిల కర్ర మంచుల దించి చూసిన. ఆనలే. కింద మొత్తం ఖాళీ.”

“మరి చెప్పలేదేం?”

“చెప్తే నీ నోట మాటొస్తుండెనా? అప్పటికే నీ గొంతు వణుకుతుండె. వెనకున్నోళ్లకు తెలిస్తే ఉరుకుతుండ్రి. తాడు గుంజితే అందరం పోతుంటిమి.”

“కాళ్లు కొడ్తున్న అన్నవ్ గదా.”

“ఉత్తగనే అన్న తమ్మీ. దాని మీద కాలెట్ల కొడ్త?”

చాయ్ చల్లారుతోంది, తాగు అన్నాడు. తాగాను.

ఫౌజు వదిలి చాలా ఏళ్లయింది. మంచును మళ్లీ చూడలేదు. కానీ పగులు అంచున ఆ పొద్దున చూసిన అడుగు మాత్రం పోదు. వెనక నలుగురి కాళ్ల కింద మంచు పిండిపిండి అయింది. అన్న నిలబడ్డ చోట బూటు గీత ఒక్కటి చెరగలేదు. అచ్చు పోసినట్టు ఒక పాదం. దాని పక్కన రెండో పాదం మడమ వరకే. మడమ ముందు నీలం.