శుక్రవారానికి అవుతుందా?

మలేషియాలోని సుంగై పెటానిలో నేను పనిచేసే ఫ్యాక్టరీ ఆసుపత్రులకు సన్నటి గొట్టాలు తయారుచేస్తుంది. గొట్టాన్ని సంచిలో పెట్టి, క్రిములు చొరకుండా అంచులు వేడితో అతికించే యంత్రం మెక్సికోలోని శాఖ నుంచి మాకు వచ్చింది. అతుకు గట్టిగా పడిందో లేదో చూసి సంతకం పెట్టేది నేను. ఆ సంతకం లేకుండా ఒక్క పెట్టె కూడా గేటు దాటదు.

యంత్రంతో పాటు ఇద్దరు మనుషులు వచ్చారు. ఒకాయన అమెరికన్ మేనేజరు. రెండో ఆయన ఆ యంత్రాన్ని ఏళ్ళ తరబడి నడిపిన మెక్సికన్ ఇంజనీరు. అమెరికన్ మీటింగులో కూర్చోకముందే మొదటి ప్రశ్న వేసేవాడు. మెక్సికన్ వచ్చిన రోజున మా అమ్మ ఎలా ఉందని అడిగాడు, ఫోనులో తన కూతుళ్ళ ఫొటోలు చూపించాడు, ఆ తర్వాతే యంత్రం మూత తీశాడు.

సోమవారం అందరి ముందూ అమెరికన్ అడిగాడు.

"మొదటి సరుకు శుక్రవారానికి అవుతుందా?"

"అవును, చూద్దాం, చేద్దాం," అన్నాడు మెక్సికన్ నవ్వుతూ.

అమెరికన్ బోర్డు మీద శుక్రవారం అని రాసి కింద గీత గీశాడు.

అలాంటి అవునులు నేను మా ఇంట్లోనే చాలా విన్నాను. పెళ్ళి పిలుపుకి వచ్చినవాళ్ళతో, వెళ్ళలేమని తెలిసినా, తప్పకుండా వస్తామనే అంటాం. ముఖం మీద కాదనడానికి నోరు రాదు. ఆ పొద్దున్న నేను పరీక్షించిన సంచుల్లో కొన్ని వేలితో లాగగానే విచ్చుకున్నాయి. వేడి పలక ఒక మూల సరిగా కాగడం లేదు. మెక్సికన్ నా పక్కనే నిలబడి చూశాడు కూడా.

మంగళవారం, బుధవారం కూడా అదే ప్రశ్న, అదే జవాబు. నిరుడు అమ్మకి ఆపరేషన్ చేసిన చోట చీము పట్టి ఆవిడ పడిన బాధ కళ్ళారా చూశాను. తెరుచుకున్న సంచిలోని గొట్టం ఎవరి ఒంట్లోకి వెళుతుందో!

యంత్రం దగ్గర పనిచేసే మెకానిక్ నాకు చిన్నాన్న వరస. ఇక్కడి మలేవాళ్ళలా మాట చివర 'లా' తగిలిస్తాడు. ఆయన దగ్గర నోరు విప్పాను.

"అతుకు ఊడిపోతంది సిన్నాన్నా. సంతకం ఎలగ పెట్టీది?"

"పెట్టకపోతే ఈ మిషను ఇంకో దేశం ఎలిపోద్దంట లా. మనోల్లు ఎంతమంది దీని మీద బతుకుతన్నారో నీకు తెల్దా?"

"పెడితే ఎవులి పేనం మీదికి వస్తదో."

"ఆ మెక్సికో ఆయనే అవునన్నాడు గదా. మద్దెన నీకేటి బయం?"

గురువారం మధ్యాహ్నం అమెరికన్ నన్ను అద్దాల గదిలోకి పిలిచి తలుపు మూశాడు. "అతను మూడుసార్లు అవునన్నాడు. నువ్వు మూడు రోజులుగా మాట్లాడటం లేదు. ఆ సంచులు బాగున్నాయా, లేదా?"

బల్ల కింద చేతులు రెండూ గట్టిగా పట్టుకున్నాను.

"లేవు," అన్నాను. "అందరి ముందు అడిగితే ఆయన కాదనలేడు. విడిగా కూర్చుని, ఏం కావాలి అని అడగండి."

ఆయన ముఖం ఎర్రబడింది. "అయితే మూడుసార్లూ అబద్ధమేనా?"

"అబద్ధం కాదు సార్. తన వల్ల అయినంత చేస్తానన్నాడు, అంతే."

ఆయన పొడిగా థాంక్స్ చెప్పి లేచాడు. నా ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

సాయంత్రం వాళ్ళిద్దరూ విడిగా మాట్లాడుకున్నారు. కొత్త పలక తెప్పించాలని, సరుకు వాయిదా వెయ్యాలని నిర్ణయమైంది. ఇక భయం లేదనుకుని ఆ రాత్రి నిద్రపోయాను. మర్నాడు మీటింగులో అమెరికన్ నన్ను చూపిస్తూ, "ఈమె ధైర్యంగా నిజం చెప్పింది. లేకపోతే ఇతను నాకు చెప్పేవాడే కాదు," అన్నాడు. నన్ను మెచ్చుకుంటున్నాననే ఆయన అనుకున్నాడు. మెక్సికన్ తల దించుకున్నాడు. ఆయన చెవులు కందిపోయాయి.

ఆ రోజు నుంచి ఆయన క్యాంటీన్‌లో నా బల్ల దగ్గరికి రాలేదు. ఆయన అడుగుల చప్పుడు వినబడితే చాలు, నేను కాగితాల్లో తల దూర్చేదాన్ని. కనబడితే గుడ్ మార్నింగ్, అంతే.

పలక వచ్చింది. ఈసారి ఎంత లాగినా ఒక్క సంచీ విచ్చుకోలేదు. సంతకం పెట్టాను. యంత్రం మా దగ్గరే ఉండిపోయింది.

వెళ్ళిపోయే ముందురోజు మెక్సికన్ నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"నువ్వు చేసింది సరైన పనే. కానీ ముందు నాతో అని ఉంటే ఇద్దరం కలిసి వెళ్ళి చెప్పేవాళ్ళం."

"భయమేసింది," అన్నాను.

"నాకూ వేసింది," అన్నాడు.

ఆయన అవునంటూ వచ్చిన ఆ మూడు రోజులూ మేమిద్దరం ఒకే యంత్రం ముందు, మోచేతులు తగిలేంత దగ్గరగా నిలబడి పనిచేశాం.