ఉత్తుత్తి గీత చూసి వదులుకున్న మిర్చి బేరం

కోల్డ్ స్టోరేజీలో ఉన్న మా మిర్చి బస్తాలు ఈ రోజు అమ్మేద్దామని మావారిని ఒప్పించడానికి నాకు వారం పట్టింది. పత్తి విత్తనాలు కొనాలంటే ఆ డబ్బే దిక్కు.

ఎకనమిక్స్‌లో పరిశోధన చేస్తున్న మా చెల్లెలు సెలవులకు వచ్చి, పొద్దున్నుంచీ హాల్లో కంప్యూటర్ ముందే కూర్చుంది. ధర ఎంత పెరిగినా, తగ్గినా మళ్లీ మామూలు స్థాయికి వస్తుందా, లేక ఎటు పోతే అటే పోతుందా అని తేల్చే పరీక్ష ఒకటుందట. ఆ ఫలితాన్ని పోల్చి చూసే పట్టిక, చాలా ఏళ్ల ధరలు చేతిలో ఉంటేనే సరిగ్గా పనిచేస్తుందట. కొద్ది ఏళ్ల ధరలకూ పనికొచ్చే పట్టిక తయారు చేయాలని తను కంప్యూటర్ చేత వేలకొద్దీ ఉత్తుత్తి ధరలు పుట్టించి, వాటి మీద ఆ పరీక్ష చేసి చూస్తోంది.

మావారు భోజనం చేసి వస్తూ, స్క్రీన్ మీద పైకి ఎగబాకుతున్న గీత ఒకటి చూశారు. నేను వంటింట్లోంచి వచ్చేసరికే కొనేవాడికి ఫోన్ చేసి, ఇప్పుడు అమ్మేది లేదని చెప్పేశారు.

"బావగారూ, అది మిర్చి ధర కాదండీ. కంప్యూటర్ తోచినట్టు గీసిన గీత," అంది చెల్లెలు.

"ఎవరు గీస్తేనేం, పెరిగిందా లేదా?"

"అయితే ఇంకోటి చూడండి," అని మీట నొక్కింది. ఈసారి గీత అడుక్కి జారిపోయింది.

మావారు కాసేపు చూసి, "ఇది బాగాలేదమ్మాయ్, ఇందాకటిదే పెట్టు," అన్నారు.

నేను మళ్లీ ఫోన్ చేయించాను. కొనేవాడు అప్పటికే పక్క ఊరి సరుకు మాట్లాడుకున్నాడు. విత్తనాల సంగతి రేపు చూద్దామని మావారు పడుకున్నారు. ఇక నేనూ ఏదైనా చెప్పాలంటే గీత గీసి చూపించాలేమో. మీ ఇళ్లలో ఇంకా నోటిమాటతోనే పనులు జరుగుతున్నాయా?