అద్దం మీద లేని వేలు

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. మా ఆయన తాళ్లు గీసి కల్లు దించే రోజుల్లో తెల్లవారకముందే సద్ది పట్టుకుని ఒక్కదాన్నే తాటివనంలోకి వెళ్లేదాన్ని. ఇప్పటికీ ఎవరికైనా గాలి సోకిందంటే ముందు దవాఖానాకు తీసుకుపొమ్మంటాను. నా మాట మార్చుకోలేదు. చూసింది మాత్రం రాస్తాను.

మాది కోరుట్ల పక్కన పల్లె. బీడీలు చేస్తాను. నలభై దాటాక సాయంత్రం బడికి పోయి చదవడం, రాయడం నేర్చుకున్నాను. మా ఆయన మాత్రం వేలిముద్రే. కల్లు గిరాకీ పడిపోయాక మస్కట్ వెళ్లాడు. అక్కడ ఆయన పనిచేసే కంపెనీ మూతపడింది. దేశం దాటి రావాలంటే అక్కడి సర్కారు ఆఫీసు అనుమతి ఇవ్వాలి. నేడు రేపు అంటూ నెలలు గడిచాయి. ఫోన్లు తగ్గిపోయాయి. ఆయనలాగే చిక్కుకున్న పక్క ఊరతను పెట్టెలో ఇంటికి వచ్చాడు. ఆ తర్వాత నాకు ఒకటే ధ్యాస, ఈయన కాళ్లతో నడిచి వస్తాడా అని.

మా బిడ్డ స్రవంతి హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే పనిచేసేది. సిరిసిల్ల మరమగ్గాల షెడ్లలో హాజరు వేసే వేలిముద్ర మిషన్ ఒకటి ఇంట్లో పెట్టుకుంది. కంప్యూటరుకూ ఆ మిషన్‌కూ మధ్య మాట నడిపే ప్రోగ్రాంను డ్రైవర్ అంటారట. దాన్ని బాగుచేయడమే ఆమె పని.

అంతకుముందు రాసినవాళ్లు తీసుకోవడం రాశారు కానీ, తిరిగి ఇవ్వడం సరిగా రాయలేదట. పని మొదలవగానే ఆ డ్రైవర్ కంప్యూటరులో కొంత జాగా, ఒక దారి పట్టి పెట్టుకుంటుంది. మధ్యలో వైరు ఊడితే అవి అట్లాగే ఉండిపోతాయి. మిషన్ ఇంకా ఎవరి చేతిలోనో ఉన్నట్టు లెక్క. రెండోవాళ్ల వేలు తీసుకోదు. చివర పట్టింది ముందు వదలాలి, ముందు పట్టింది చివర వదలాలి అని స్రవంతి వివరంగా చెప్పింది.

"గిదేం కొత్త ముచ్చటనే? మీ నాయిన చెట్టు దిగి నేల మీద కాలు పెట్టినంకనే నడుము మోకు ఇప్పుతుండె," అన్నాను.

"గదేనే అమ్మా. గీల్లు కిందికి దిగినంక గూడ మోకు ఇప్పలేదు," అని నవ్వింది.

పరీక్షకు నా వేళ్లే. ఆకు చుట్టీ చుట్టీ గీతలు అరిగిపోయిన వేళ్లు. వీటిని పట్టుకున్న మిషన్ ఎవరి వేలినైనా పట్టుకుంటుందని ఆమె నమ్మకం.

మా ఆయన కిందటిసారి సెలవులో వచ్చినప్పుడు, అప్పట్లో మా ఇంట్లో ఉన్న ఇలాంటి మిషన్ మీదే వేలు పెట్టాడు. కాగితం మీద నిశాని వేసే మనిషి కదా, సిరా అంటిన బొటనవేలిని దొర్లించినట్టే మిషన్ అద్దం మీదా దొర్లించాడు. ఎన్నిసార్లు చెప్పినా అంతే. ఆ వేలికి అడ్డంగా గీతకత్తి కోసిన గాటు ఉంది. తెర మీద ఆ గాటు ఎడమ నుంచి కుడికి జరుగుతుంటే అందరం నవ్వుకున్నాం. ఆ మిషన్నూ, ఆ కంప్యూటరునూ కంపెనీకి తిరిగి పంపేశాం. ఈ కొత్తవాటిలో నావి, స్రవంతివి తప్ప వేరే ముద్రలు లేవు.

పని పూర్తయిందని స్రవంతి చెప్పిన రోజు పొద్దున్నుంచీ మిషన్ చక్కగా నడిచింది. వైరు పీకినా, మధ్యలో వేలు తీసినా, పట్టినవన్నీ వదిలేసింది.

మధ్యాహ్నం అన్నం తిన్నాం. నేను బీడీల చాట ఒళ్లో పెట్టుకున్నాను. నాతో బీడీలు చేసే లచ్చవ్వ గడప దగ్గర కూర్చుంది. మిషన్ దగ్గర ఎవరూ లేరు. దాని ఎర్ర దీపం వెలిగింది. తెర మీద వేలు బొమ్మ వచ్చింది. అడ్డంగా గాటు. ఎడమ నుంచి కుడికి దొర్లింది. ఆగింది. మళ్లీ దొర్లింది.

స్రవంతి వైరు పీకింది. దీపం ఆరింది. మళ్లీ పెట్టగానే అదే వేలు. నా చేతుల తంబాకు దుమ్ము అద్దానికి అంటిందేమోనని నేనే తడిగుడ్డతో తుడిచాను. అద్దం తళతళలాడింది. వేలు పోలేదు. మిషన్ ఇంకా వాడకంలోనే ఉందని కంప్యూటరు రాస్తోంది.

"మిషినికి దిష్టి తాకింది పిల్లా, ఉప్పు తిప్పెయ్యి," అంది లచ్చవ్వ.

"నీ నోరు పడిపోను, ఊకో," అన్నాను. నా మనసు అప్పటికే పక్క ఊరికి వచ్చిన పెట్టె మీద ఉంది. స్రవంతి తండ్రికి ఫోన్ చేసింది. ఆయన ఎత్తలేదు.

కాసేపటికి వేలు పోయింది. దీపం ఆరింది. పట్టినవన్నీ వరుస తప్పకుండా వదిలేసినట్టు కంప్యూటరు చూపించింది. మేమెవరమూ ఏమీ చేయలేదు.

పొద్దు గూకే వేళ తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. నేనే ఎత్తాను.

"నేనేనే. పని అయింది, అస్తున్న," అన్నాడు.

ఆయనే చెప్పుకుపోయాడు. "ఆఫీసుల ఏలు పెట్టుమన్నరు. మిషిని పట్టుకుంటనే లేదు. దొర్లియకు, సక్కగ పెట్టు అని గా ఆఫీసరు ఒక్కటే ఒర్రుడు. నమాజుకు బంద్ చేస్తరేమోనని పానం పోయిందనుకో. ఆఖరుకు పట్టుకుంది."

మధ్యాహ్నం నమాజు ఎప్పుడని అడిగాను. అక్కడి పొద్దు మనకంటే వెనక. లెక్క చూస్తే మా ఇంట్లో దీపం వెలిగిన వేళే.

ఆయన జగిత్యాల బస్టాండులో బస్సు దిగినప్పుడు ముందు కాళ్ల వైపు చూశాను. తర్వాతే ముఖం చూశాను. ఇంటికి వచ్చాక జరిగింది చెబితే, "నేను గీడికెట్లస్త? గా ఆఫీసరు ముంగటనే ఉంటి," అని నవ్వాడు.

స్రవంతి తన డ్రైవర్‌ను మొదటి నుంచి చివరి దాకా మళ్లీ చదివింది. తప్పు దొరకలేదు. ఒక్క అక్షరం మార్చకుండా కంపెనీకి ఇచ్చేసింది. అది సిరిసిల్లలో నడుస్తోంది, ఎవరూ తప్పు పట్టలేదు.

నేను ఈనాటికీ దయ్యాలను నమ్మను. చనిపోయినవాళ్లు వస్తారంటే కాదని వాదిస్తాను. కానీ అది బతికున్న మనిషి వేలు. అద్దం మీద లేదు, తెర మీద ఉంది. రెండూ నా కళ్లతోనే చూశాను. అది ఎలా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు.