కాంపుకు పోయిన ఎస్తేరు

ఎల్లారెడ్డి మున్సిపాలిటీల కౌన్సిలరుగా గెలిచిన మర్నాడు పొద్దున్నే ఎస్తేరును కారెక్కించిన్రు. బట్టలు సక్కగ సర్దుకునే తీరిక కూడా ఇయ్యలేదు. హైదరాబాద్ దగ్గర ఏదో రిసార్టుల కాంపు. చైర్మన్ ఎన్నిక అయ్యేదాక గెలిచినోళ్లెవరూ అవతలి పార్టీకి చిక్కొద్దని పెద్దల ఏర్పాటు. గేటు కాడనే ఫోన్లు తీసుకున్నరు. గదిల తెల్లటి దుప్పటి పరిచిన మంచం చూసినంక ఎస్తేరుకు ఇంకేం యాదికి రాలేదు. చెప్పులు విడిచి పండుకున్నది. పొద్దు గూకేదాక లేవలేదు.

"గింత నిద్ర ఏడ దాచిపెట్టినవ్ వదినా?" అని అన్నం కాడ వెంకటి నవ్విండు. వెంకటి రోడ్ల కాంట్రాక్టరు. ఆయన భార్య నిరోష కూడా కొత్తగ గెలిచిన కౌన్సిలరే. చైర్మన్ సీటు ఈసారి రిజర్వేషన్ల ఆడోళ్లకు వచ్చింది కాబట్టి పార్టీ నిరోష పేరు ఖాయం చేసింది.

ఎస్తేరు కూడా నవ్వింది. ఆ నిద్ర నిన్నటిదా, మొన్నటిదా? పెండ్లయిన కొత్తల కామారెడ్డి ప్రైవేటు దవాఖానల ఆయాగా చేరిన కాడి నుంచి ఆమె నడుముకు సుఖం లేదు. తెల్లారంగనే బస్సుకు పోవుడు, రోగులను లేపుడు, కడుగుడు, పక్కలు మార్చుడు, మళ్ల బస్సుకు ఇంటికొచ్చుడు. ఆమె మొగుడు యోబు ఎల్లారెడ్డి రోడ్ల మీద షేర్ ఆటో నడుపుతడు. ఎస్తేరు ఉద్యోగం చేసుకుంటనే నర్సు ట్రైనింగు చదివింది. చదివినంక లండన్‌ల ముసలోళ్లను చూసుకునే పని దొరికింది. పేరే లండన్ గని పని అదే. కాకపోతే మంచాలన్నీ ఒక్క కప్పు కింద ఉండవు. ఒక బస్సు దిగి ఇంకో బస్సెక్కి, ఇల్లిల్లూ తిరిగి స్నానాలు చేయించాలె, తినబెట్టాలె. రెండేండ్లు దాటినంక ఆమె పనిచేసే కంపెనీకి బయటి దేశపోళ్లను పెట్టుకునే పర్మిషన్ రద్దయింది. ఆమె చేసిన తప్పు ఏందో ఎవరూ చెప్పలేదు. వీసా పోయింది, పెట్టె పట్టుకొని వచ్చేసింది.

ఇంటికొచ్చి కాలు చాపుకుందామనుకుంటే ఎలక్షన్లు వచ్చినయ్. వాళ్ల వార్డు ఎస్సీ ఆడోళ్లకు వచ్చింది. "నీకు ఇంగ్లీషొస్తది, లండన్ చూసొచ్చినవ్, నువ్వు కాకపోతే ఇంకెవరే?" అని యోబు పొద్దూమాపూ అదే పాట. కాదని వాదించే ఓపిక లేక సరేనన్నది. ఇల్లిల్లూ తిరిగి దండం పెట్టింది. గెలిచింది.

కాంపుల రెండోనాడు పొద్దుగాల గడ్డిల కుర్చీలేసి చాయ ఇచ్చిన్రు. మొగోళ్లంతా ఒక దిక్కు కూసొని లెక్కలేసుకుంటున్నరు. నిరోష తన కప్పు పట్టుకొని ఎస్తేరు పక్కకొచ్చి కూసున్నది. ముప్పై ఏండ్లు కూడా నిండని పిల్ల. గెలిచినప్పటి నుంచి ఆమె గొంతు ఎవరూ విన్లేదు.

"అక్కా, లండన్‌ల కూడా గిట్లనే కాంపు పెడతరా?"

"లేదు పిల్లా. అక్కడ మేయర్‌ను జనమే సీదా ఎన్నుకుంటరు. నేను గూడ వేసిన ఓటు."

"నువ్వా! నువ్వు ఆ దేశం దానివి కాదు గదా?"

"ఒకప్పుడు వాళ్లు ఏలిన దేశం గదా, ఇండియా పాస్‌పోర్టు ఉన్నోళ్లు అక్కడ ఉంటే వెయ్యొచ్చట. నాకూ తెల్వకుండె. నేను చూసుకునే డోరీన్ అనే ముసలవ్వ చెప్పింది." డోరీన్ వయసుల ఉన్నప్పుడు జమైకా నుంచి ఓడెక్కి వచ్చి, బస్సుల కండక్టరుగా పనిచేసిన మనిషి. ఓటర్ల లిస్టుల పేరు ఎక్కించుకుంటే వీసాకేమన్న అయితదేమోనని ఎస్తేరు భయపడ్డది. "నీ జీతంల పన్ను కోసుకుంటున్నరు గదా, ఓటుకు భయమెందుకు?" అని డోరీన్ దగ్గర కూసొని పేరు నమోదు చేయించింది. ఓటు నాడు ముసురు పట్టింది. చక్రాల కుర్చీల డోరీన్‌ను తోసుకుంట చర్చి పక్క హాలుకు పోయింది ఎస్తేరు. గుంజుకపోయెటోళ్లు లేరు, చీటీలు పంచెటోళ్లు లేరు. పాస్‌పోర్టు చూసి కాయిదం చేతికిచ్చిన్రు. పెన్సిలుతోని ఇంటూ గుర్తు పెట్టాలె.

"ఎవరికేసినవ్?" నిరోష ముంగటికి వంగింది.

"బస్సులు పెంచుతా అన్నాయనకు. ఓడిపోయిండు." ఎస్తేరు చాయ తాగింది. "డోరీన్‌ను అడిగితే, అది నా సొంత ముచ్చట అన్నది. నాకేమో ఆ పొద్దు ఇంకా నాలుగిండ్లకు పోయేది ఉండె. ఖుషీ అయ్యే టైమే లేకుండె."

నిరోష కప్పు కింద పెట్టింది. మొగోళ్ల దిక్కు ఒకసారి చూసి, మెల్లగ అన్నది. "అక్కా, రేపు చైర్మన్ ఎన్నికల నాకు చెయ్యెత్తకు. నీ ఒక్క చెయ్యి తగ్గితే నేను ఓడిపోత. నాకు చైర్మన్ వద్దు. కుర్చీ నాది, సంతకం నాది, మాట ఆయనది. రేపు ఏదన్న కేసయితే జైలుకు పొయ్యేది గూడ నేనే."

"మీ ఆయనకు చెప్పినవా?"

"చెప్పిన. నవ్విండు."

పార్టీ చెప్పినట్టు చెయ్యెత్తకపోతే గెలిచిన సీటు పోతది. ఎస్తేరుకు యోబు మొకం యాదికొచ్చింది, దండం పెట్టిన ఇండ్లు యాదికొచ్చినయ్. "రేపు ఆఫీసరు అందరి ముంగట నిన్ను అడుగుతడు, సమ్మతమేనా అని. వద్దని నువ్వే చెప్పు. నువ్వు చెప్తే నేను నీ పక్కన నిలవడ్త. నువ్వు చెప్పంది నాతోని కాదు పిల్లా."

నిరోష కప్పు తీసుకొని లోపలికి పోయింది.

తెల్లారి కాంపుల ఉన్నోళ్లందరినీ ఎక్కించుకున్న బస్సు నేరుగా మున్సిపల్ ఆఫీసు ముంగట ఆగింది. పోలీసుల నడుమ లోపలికి నడిచిన్రు. ఒకాయన నిరోష పేరు చెప్పిండు, ఇంకొకాయన బలపరిచిండు. "మీకు సమ్మతమేనా అమ్మా?" అని ఆఫీసరు అడిగిండు. నిరోష తల ఎత్తింది. కిటికీ అవతల వెంకటి దండ పట్టుకొని నిలవడ్డడు.

"సమ్మతమే" అన్నది నిరోష.

చేతులు లేసినయ్. ఎస్తేరు చెయ్యి అందరికన్న ఆలస్యంగ లేసింది. ఎంతమంది ముసలోళ్లను లేపిన చెయ్యో అది, ఆనాడు తన బరువు తానే మొయ్యలేకపోయింది. ఆఫీసరు లెక్కపెట్టుకున్నడు. పటాకులు పేలినయ్. దండల నడుమ నుంచి నిరోష ఆమె దిక్కు ఒక్కసారి చూసింది. ఆ చూపుల కోపం లేదు, అడుగుడు లేదు.

అప్పటి నుంచి ఆఫీసుల వెంకటి కుర్చీ నిరోష కుర్చీ పక్కనే పడుతున్నది. ఎస్తేరు మళ్ల కామారెడ్డి దవాఖానల చేరింది. పొద్దంతా అక్కడ నర్సు, మాపటికి వార్డుల కౌన్సిలరు. మురికి మోరీ తీసెటోళ్లు రాలేదని ఒకరు, నల్లా నీళ్లు రాలేదని ఒకరు గడప కాడ కూసొని ఉంటరు. నీళ్లు తాగి మళ్ల బయలెల్లుతది. "గెలిచినా గిదే బతుకా?" అని యోబుకు నారాజు.

మొన్నటి మీటింగుల ఎస్తేరు తన వార్డు మోరీ ముచ్చట ఎత్తింది. "చూద్దాం తీయ్ వదినా" అని వెంకటి తీసిపారేసిండు. "చూసుడు కాదు, రాయున్రి" అన్నది నిరోష, క్లర్కు దిక్కు చూసి. వెంకటి తిరిగి చూసిండు. క్లర్కు రాసుకున్నడు.

మోరీ ఇంకా అట్లనే ఉన్నది. మీటింగు అయినంక ఇద్దరూ మెట్ల మీద ఎదురుపడ్డరు. "అలిసిపోయినట్టున్నవ్ అక్కా" అన్నది నిరోష. ఎస్తేరు అవునన్నట్టు తలూపి, రెయిలింగు పట్టుకొని మెట్లు దిగింది.